మొండికేసింది అనుకున్నాను: తుమ్మెదతో ఎనిమిది నెలలు

తుమ్మెద తొమ్మిదేళ్ల నల్ల ఆడగుర్రం. నాలుగేళ్లుగా నా దగ్గరే ఉంది. ఈ ఏడాది ఫిబ్రవరి మొదటి వారంలో ఒకరోజు జీను తీసుకుని దగ్గరకు వెళ్తే చెవులు వెనక్కి పడేసింది. కడుపు కింద పట్టీ బిగిస్తుంటే మెడ తిప్పి గాలిని కొరికింది. నా భుజానికి జానెడు దూరంలో పళ్లు టక్కుమన్నాయి. అంతకుముందు ఎప్పుడూ అలా చేయలేదు.

ఆ వారమే కుడివైపు తిరిగేటప్పుడు క్యాంటర్, అంటే ఊగుతూ సాగే వేగమైన పరుగు, అందుకోవడం మానేసింది. అడిగితే ట్రాట్‌లోనే, అంటే అంతకంటే నెమ్మదైన పరుగులోనే, వేగం పెంచేది. గట్టిగా అడిగితే ఎడమకాలు ముందు వేసి తప్పుగా ఎత్తుకునేది, నాలుగు అంగల్లోనే మళ్లీ ట్రాట్‌లోకి దిగిపోయేది. శిక్షకుడు కంచె దగ్గర నిలబడి చూసి, "అది మిమ్మల్ని పరీక్షిస్తోందండీ. ఇవాళ వదిలేస్తే రేపు నెత్తికెక్కుతుంది" అన్నారు. బెత్తం చేతికిచ్చారు. నేను వాడాను. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది. పది రోజులు అది నేను చెప్పినట్టు విన్నది. నేను గెలిచానని కూడా అనుకున్నాను.

పదకొండో రోజున నేలమీద పరిచిన కర్రల ముందు నిలువునా ఆగిపోయింది. దూకడానికి ఎత్తు పెట్టినవి కావు, ఊరికే పడుకోబెట్టిన కర్రలు.

ఫిబ్రవరి 26న మా గుర్రపుశాలలో గుర్రాలకు మేత వేసే ఆయన నన్ను పక్కకు పిలిచాడు. "అమ్మా, పొద్దున దాన్ని బయటికి తెచ్చేటప్పుడు మొదటి పది అడుగులు చూడండి. నిలబడ్డప్పుడు కూడా ముందుకాళ్లు మార్చి మార్చి పెడుతోంది. నెల నుంచీ చూస్తున్నాను" అన్నాడు. నెల నుంచీ చూస్తే చెప్పలేదేమని అడిగాను. "శిక్షకుడుగారు మొండి అంటుంటే నేనేం చెప్పను?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. మొదటి అడుగులు పొట్టిగా, గాజుపెంకుల మీద నడుస్తున్నట్టు పడ్డాయి. పదిహేను అడుగులు దాటాక మామూలుగానే ఉంది. అంతవరకు నేను ఎప్పుడూ జీను వేశాకే చూశాను కాబట్టి ఆ పదిహేను అడుగులు నా కంట పడలేదు.

ఆ రాత్రి సూ డైసన్ అనే బ్రిటిష్ పశువైద్యురాలు, ఆమె సహచరులు 2018లో ప్రచురించిన ఒక పట్టిక చదివాను. స్వారీ చేస్తున్నప్పుడు గుర్రం చూపే 24 ప్రవర్తనలు అందులో ఉన్నాయి. వాటిలో ఎనిమిది, అంతకు మించి కనిపిస్తే గుర్రానికి ఎక్కడో నొప్పి ఉండే అవకాశం ఎక్కువ. జనవరి చివర్లో ఎవరో తీసిన పది నిమిషాల వీడియో నా ఫోనులో ఉంది. పట్టిక పక్కన పెట్టుకుని ఆపి ఆపి చూశాను. అయిదు సెకన్లకు పైగా వెనక్కి వాలిన చెవులు. మాటిమాటికీ తెరుస్తున్న నోరు. తోక విదిలింపు. ఒక పక్కకు వంగిన తల. తప్పు కాలితో క్యాంటర్. అడగకుండానే నడక మార్చడం. తడబాటు. ముందుకు కదలడానికి అయిష్టం. ఎక్కడో శూన్యంలోకి బిగుసుకున్న చూపు. తొమ్మిది. ఆ వీడియోను నేనే నెల కిందట "ఎంత బాగా చేస్తోందో" అని స్నేహితులకు పంపాను.

మా పశువుల డాక్టరమ్మకు ఫోను చేస్తే మార్చి 16న వస్తానన్నారు. అంటే 17 రోజులు ఆగాలి. ఆమె చెప్పినవి మూడు: ఎక్కవద్దు, నొప్పి మందులేవీ వేయవద్దు ("వేస్తే నాకేమీ కనపడదు"), లాడాలు కొట్టే ఆయనను అదే రోజుకు పిలిపించుకోవాలి. ఎక్స్‌రేకు లాడాలు తీసేయాలట, మళ్లీ వేసేవారు లేకపోతే గుర్రం నొప్పి కాళ్లతో ఉత్తి గిట్టల మీద నిలబడాల్సి వస్తుంది. ఇది ముందే చెప్పబట్టి సరిపోయింది.

శిక్షకుడు మాత్రం, రెండు పూటలు నొప్పి మందు వేసి, అప్పటికే పేరిచ్చిన పోటీకి తీసుకెళ్లిపోవచ్చన్నారు. పోటీకి నేను కట్టిన ప్రవేశ రుసుము తిరిగి రాలేదు. మా మధ్య మాటలు తగ్గింది ఆరోజు నుంచే.

మార్చి 16. పరీక్ష రెండున్నర గంటలు పట్టింది. మొదట డాక్టరమ్మ చాలాసేపు ఊరికే నిలబడి చూశారు. తర్వాత అరచేతులతో గిట్టల వేడి చూసి, గిట్టకు పైన కాలి వెనకభాగంలో రెండు వేళ్లు పెట్టి నాడి పట్టారు. నా వేళ్లు కూడా అక్కడ పెట్టించారు. బాగున్న గిట్టకు అక్కడ నాడి ఉందో లేదో అన్నట్టుంటుంది, వాపో మంటో ఉంటే వేలికి కొట్టుకుంటుంది. తుమ్మెదకు అంత బలంగా ఏమీ లేదు. పెద్ద పటకారు లాంటి దానితో గిట్టను అంచెలంచెలుగా నొక్కుతూ వచ్చి మడమల దగ్గరికి రాగానే కాలు చిన్నగా లాక్కుంది. రెండు కాళ్లూ అంతే.

తర్వాత పరుగు. గట్టి చదును నేలమీద గుర్రాన్ని తాడుతో పట్టుకుని ట్రాట్ చేయించాలి. పట్టుకుని పరుగెత్తేది మనమే అన్న సంగతి ఎవరూ చెప్పరు. ఆ వేళకు నేను వేసుకున్న బూట్లు పరుగుకు పనికిరావు. తాడు వదులుగా పట్టుకోమని పదిసార్లు అరిచారు, బిగించి పట్టుకుంటే తల కదలిక కనపడదట. ముందుకాలిలో నొప్పి ఉంటే ఆ కాలు నేల తాకినప్పుడు తల పైకి లేస్తుంది, మంచి కాలు తాకినప్పుడు కిందికి దిగుతుంది.

తిన్నగా పరుగెత్తినప్పుడు ఏమీ కనపడలేదు. తల నిశ్చలంగా ఉంది. అనవసరంగా పిలిచానేమో అనిపించి మొహం వేడెక్కింది.

తర్వాత గట్టి నేలమీదే గుండ్రంగా తిప్పారు. ఎడమకు తిరిగితే ఎడమకాలు పడ్డప్పుడల్లా తల లేచింది. కుడికి తిరిగితే కుడికాలికి లేచింది. అయిదు మెట్ల కొలమానంలో రెండు అన్నారు. తిన్నగా వెళ్తే దాదాపు కనపడక, కొన్ని పరిస్థితుల్లో మాత్రం ప్రతిసారీ కనపడే కుంటు అది.

ఎడమకాలి గిట్ట వెనకభాగానికి వెళ్లే నరాల దగ్గర మొద్దుబార్చే మందు ఇచ్చారు. పది నిమిషాలు ఆగాం. డాక్టరమ్మ కలం మొనతో మడమ పైన పొడిచి చూశారు, తుమ్మెద కదలలేదు. మళ్లీ తిన్నగా పరుగెత్తించాను. ఈసారి కుంటింది, అదీ కుడికాలితో. ఎవరికైనా కనపడేంతగా తల ఊపుతూ కుంటింది.

ఎడమకు మందిస్తే కుడి కుంటడమేమిటి? సూది వేయడంలో ఏదో పొరపాటు జరిగిందనుకున్నాను. డాక్టరమ్మ నవ్వలేదు. "రెండు కాళ్లూ ఒకేలా నొప్పి పెడితే పాపం దేనిమీద కుంటుతుందమ్మా? అందుకే అడుగులు పొట్టి చేసుకుంది. మీకు బద్ధకంలా కనపడింది" అన్నారు.

కుడికాలికి కూడా మందిచ్చారు. మళ్లీ పది నిమిషాలు. అప్పుడు తాడు పట్టుకుని కదిలితే నేను దాని వేగం అందుకోలేకపోయాను. అడుగు భుజం నుంచి విచ్చుకుంటోంది. చెవులు ముందుకున్నాయి. ముక్కుతో పొడవుగా బుస కొట్టింది, గుర్రాలు ఒళ్లు వదులైనప్పుడు చేసే ఆ చప్పుడు. చివరిసారి ఎప్పుడు విన్నానో గుర్తు రాలేదు. నొప్పి లేకుండా తుమ్మెద ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. ఆ మందు గంటా రెండు గంటల్లో దిగిపోతుంది. ఇక చాలు, పరుగెత్తించవద్దన్నారు, మొద్దుబారిన కాలుతో ఇంకేదైనా చేసుకుంటుందని. నేను దాని మెడ మీద మొహం పెట్టుకుని నిలబడ్డాను. ఎవరూ ఏమీ అనలేదు.

ఎక్స్‌రేకు లాడాలు తీసి, గిట్టలు కడిగి, అడుగున ఉండే గాళ్లలో పిల్లలు ఆడుకునే మెత్తటి బంకమట్టి లాంటిది కూరారు. ఆ గాళ్లలో గాలి ఉంటే బొమ్మలో నల్లటి గీతలు పడి విరిగిన ఎముకలా భ్రమ పెడతాయట. మత్తు ఇచ్చి రెండు చెక్కదిమ్మెల మీద నిలబెట్టారు. బొమ్మలు అక్కడికక్కడే తెరమీద వచ్చాయి. గిట్టలోపలి ఎముక అడుగు భాగం మడమవైపు కొద్దిగా ఎత్తుగా, మూడు నుంచి అయిదు డిగ్రీల వాలుతో ఉండాలి. తుమ్మెదకు ఎడమన సున్నా, కుడిన ఒకటి. గిట్ట ముందుభాగం పొడుగు పెరిగిపోయి మడమలు కుంగిపోయాయి. అడుగు ఎత్తిన ప్రతిసారీ ఆ పొడవాటి కొనను తిప్పడానికి వెనక ఉన్న స్నాయువు, దాన్ని ఆనుకుని ఉండే చిన్న ఎముక అదనపు బరువు మోస్తున్నాయి. ఎముకలో పాడైన గుర్తులు లేవు, అదొక్కటే అదృష్టం.

లాడాలు కొట్టే పెద్దాయన బొమ్మ చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నావైపు తిరగకుండానే, "ఆరు వారాలకోసారి రమ్మన్నాను కదమ్మా" అన్నాడు.

అన్నాడు, నిజమే. ఏడాదిన్నరగా నేనే తొమ్మిది, పది వారాలకు సాగదీస్తూ వచ్చాను. లాడాలు ఊడలేదు కదా, ఇంకో పదిహేను రోజులు ఆగుదాం అనుకుంటూ. లెక్కవేస్తే ఆ వాయిదాలన్నిటిలో అయిదు దఫాల ఖర్చు మిగిలింది. మార్చి 16 ఒక్కరోజు ఖర్చు దానికి నాలుగింతలు. శిక్షకుడి మీద కోపం ఆ సాయంత్రానికి సగం పడిపోయింది. బెత్తం ఆయన ఇచ్చారు, గిట్టలు మాత్రం నా పొదుపు వల్లే పాడయ్యాయి.

డాక్టరమ్మ ఇంకో ప్రశ్న అడిగారు, మొహమాటం లేకుండా: "మీరెంత బరువు?" టేపుతో తుమ్మెద చుట్టుకొలత, పొడవు తీసి 425 కిలోలని లెక్కగట్టారు. నన్ను జీను పట్టుకుని దాణా తూచే త్రాసు ఎక్కమన్నారు. నేనూ జీనూ కలిసి 74 కిలోలు, అంటే 17 శాతం పైచిలుకు. 20 దాటకుండా చూసుకోమన్నారు. త్రాసు చుట్టూ ఉన్నవారంతా అంకె చూశారు.

కొత్త లాడాలు అదే సాయంత్రం పడ్డాయి. ముందు కొన తగ్గించి, లాడాన్ని కొంచెం వెనక్కి జరిపి, మడమవైపు మందంగా ఉండే మెత్తటి పలకను గిట్టకూ లాడానికీ మధ్య పెట్టారు. ఇకమీదట నాలుగైదు వారాలకోసారి. పెద్దాయన వెళ్లేముందు ఆకురాయితో ఎడమ గిట్ట మీద, వెంట్రుకలు మొదలయ్యే చోటుకు కాస్త కింద, సన్నని గీత పెట్టాడు. "ఈ గీత నేలకు చేరితే గిట్ట మొత్తం కొత్తదన్నమాట" అన్నాడు. ఎన్నాళ్లు పడుతుందని అడిగాను. "ఏడాది దాకా."

మొదటి రెండు వారాలు చేత్తో పట్టుకుని నడిపించడమే, రోజుకు రెండుసార్లు పది నిమిషాలు. ఏప్రిల్‌లో అరగంట. ఎక్కకుండా గుర్రంతో గడపడం నాకు చేతకాదని అప్పుడే తెలిసింది. మొదటి వారం విసుగు. గడియారం చూసుకుంటూ నడిచేదాన్ని. తర్వాత దాని శ్వాస, అడుగుల చప్పుడు వినడం అలవాటైంది. నాలుగు కాళ్ల చప్పుడు ఒకే దూరంలో వినపడుతుందా లేదా అన్నది కళ్లకంటే చెవులు ముందు పట్టేస్తాయి. ప్రతి లాడాల దఫాకు స్కేలుతో గీత కొలిచాను. నెలకు సుమారు ఎనిమిది మిల్లీమీటర్లు దిగుతోంది.

మే 9 పొద్దున్న వెళ్లేసరికి కుడి ముందుకాలు నేలకు ఆనించడం లేదు. మూడు కాళ్ల మీద నిలబడి చెమటలు పోస్తోంది. కాలు విరిగిందనే అనుకున్నాను. ఫోనులో నా మాటలు డాక్టరమ్మకు అర్థం కాలేదు. వచ్చి చూస్తే గిట్టలో చీము. నాడి పట్టుకుంటే ఈసారి వేలికి దబదబా కొట్టుకుంది, మార్చిలో ఆమె చెప్పిన తేడా నాకు అప్పుడు తెలిసింది. చిన్న రంధ్రం చేయగానే నల్లటి నీరు చిమ్మింది, గంటలో కాలు నేలకు ఆనించింది. వారం రోజులు పట్టు వేయాలి. గిట్టకు పట్టు నిలవడానికి అందరూ వాడేది చంటిపిల్లల డైపరు, పైన వెడల్పాటి అతుకు టేపు. పిల్లలు లేని నేను దుకాణంలో ఏ సైజు కావాలో తేల్చుకోలేక నిలబడితే, పాపకు ఎన్ని నెలలని అడిగారు. తొమ్మిదేళ్లని చెప్పలేక మధ్య సైజు తెచ్చాను. సరిపోయింది.

జీను సంగతి మే 28న బయటపడింది. తుమ్మెద మూపుకు రెండుపక్కలా రూపాయి బిళ్లంత తెల్లమచ్చలు రెండేళ్లుగా ఉన్నాయి. నల్లటి ఒంటిమీద ముద్దుగా ఉన్నాయని నేను వాటికి ఫొటోలు కూడా తీశాను. జీను సరిచేసే ఆవిడ వాటిని చూడగానే, "ఇవి మచ్చలు కావండీ, ఒత్తిడికి వెంట్రుక మూలం దెబ్బతిన్న చోట్లు. మళ్లీ నల్లబడవు" అన్నారు. జీను లోపలి చట్రం దాని భుజాలకు ఇరుకు. పాత జీను పరిచే గుడ్డ తెమ్మన్నారు. చెమట మరకల మధ్య మచ్చలున్న చోటే పొడిగా ఉంది. ఎక్కువ నొక్కితే అక్కడ చెమట కూడా పట్టదట. చివరి పక్కటెముక ఎక్కడుందో వేలితో తడిమి చూపించి, జీను దానికి వెనక్కి పోకూడదన్నారు. నాది మూడు వేళ్లు వెనక్కి ఉంది. వేరే జీను మారిస్తే నడకలో భుజం తేడా వెంటనే కనిపించింది. జులైలో అదీ బిగుతైంది. నొప్పి తగ్గి మూపు పక్కన కండ పట్టడంతో మళ్లీ సరిచేయాల్సి వచ్చింది. జీను ఒకసారి కొంటే అయిపోతుందనుకునేవారికి ఇదొక ఖర్చు.

పళ్లు కూడా చూపించాను. దవడపళ్ల బయటి అంచులు పదునెక్కి బుగ్గ లోపల చిన్న పుండు ఉంది, మత్తిచ్చి అరగదీశారు. ముక్కుపట్టీ నేనే రెండు రంధ్రాలు వదులు చేశాను. ముక్కు ఎముక మీద రెండు వేళ్లు దూరాలన్నది నాకు తెలియని సంగతి కాదు. పక్కన మెత్తటి చోట వేళ్లు పెట్టి సరిపోయిందనుకునేదాన్ని.

జూన్ 20న ఎక్కాను. అయిదు నిమిషాలు, నడక మాత్రమే. ఎక్కేముందు నా చేతులు వణికాయి. తుమ్మెద చెవులు ఒకటి ముందుకు, ఒకటి నావైపు. జులై 11 నుంచి ట్రాట్, ఒక నిమిషం చొప్పున మూడుసార్లు, తిన్నగా. వలయాలు ఆగస్టు దాకా లేవు. ఆగస్టు 23న ఎడమ క్యాంటర్. కుడివైపు నేను అడగలేదు, అడగడానికి భయం. సెప్టెంబరు 6న మూల తిరుగుతుంటే అదే ఎత్తుకుంది, కుడికాలితో, సరిగ్గా. నేను పగ్గాలు వదిలేసి మెడ మీది జూలు పట్టుకున్నాను.

అక్టోబరు 20న మళ్లీ ఎక్స్‌రే. ఎడమన మూడు డిగ్రీలు, కుడిన రెండున్నర. గట్టి నేలమీద చిన్న వలయంలో తిప్పితే కుడికాలు ఇప్పటికీ కాస్త పొట్టిగా పడుతుంది. అది పోకపోవచ్చన్నారు. దూకించడం మానేశాం, ఆ పోటీల సామాను అమ్మేశాను. ఆ డబ్బు మూడు దఫాల లాడాలకు సరిపోయింది. అదే పాత పట్టికతో కొత్త వీడియో చూశాను. రెండు కనిపించాయి, రెండూ ఈగల రోజున తోక విదిలింపు, తల విదిలింపు. ఈగలవి లెక్కలోకి వస్తాయో రావో డాక్టరమ్మను అడగాలి.

పట్టీ బిగించేటప్పుడు ఇప్పటికీ మెడ తిప్పి చూస్తుంది. కొరకదు, చూస్తుందంతే. ఒక్కసారిగా బిగించకుండా ఒక్కో రంధ్రం బిగించి, నాలుగడుగులు నడిపించి, మళ్లీ బిగిస్తున్నాను. మొత్తం పని ఆరేడు నిమిషాలు పడుతోంది.

మార్చిలో పెట్టిన గీత ఇప్పుడు గిట్ట మధ్య దాటింది. నిన్న కొలిస్తే 57 మిల్లీమీటర్లు దిగింది, ఇంకా 30 ఉంది. పెద్దాయన మళ్లీ నవంబరు 18న వస్తాడు.